ఆ నెల ప్రపంచంలో గెలిచినవారు

ఏప్రిల్ మొదటి తారీకున మా జిల్లా క్రీడా కార్యాలయానికి రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రజల్లో క్రీడా చైతన్యం పెంపొందించే నిమిత్తం, ఆ నెలలో ప్రపంచవ్యాప్తంగా జరిగే ఆటల పోటీల ఫలితాలను ప్రతి జిల్లా కార్యాలయమూ తన గేటు దగ్గర ఒక బోర్డు మీద రాసి ఉంచాలని దాని సారాంశం. దీనికి కావలసింది ఒక బోర్డు, ఒక సుద్దముక్క, ఒక దినపత్రిక. పక్క జిల్లాల వాళ్ళు ఆ మూడింటితో సరిపెట్టుకున్నారు. మేం మాత్రం పని చేశాం.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు గేదెల సన్యాసిరావు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పదకొండు మంది అధికారుల్ని చూశాను. వారిలో ఆటలంటే ఇష్టమున్నవారు ఇద్దరు, పేకాటను కూడా కలుపుకుంటే ముగ్గురు. పన్నెండో వారు చిర్రావూరి మార్కండేయులు గారు. ముప్ఫై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, పదోన్నతి మీద మా శాఖలోకి వచ్చారు. తూనికలకూ ఆటలకూ ఏం సంబంధమని అడిగేవాళ్ళకు ప్రభుత్వ బదిలీల సంగతి తెలియదని అనుకోవాలి.

ఒక్కమాట ముందే చెప్పేస్తాను, ఆయన నిప్పులాంటి మనిషి. ఎవరి దగ్గరా గ్లాసుడు టీ కూడా తాగి ఎరగరు. ఆయన సంతలో అడుగుపెడితే ఉల్లిపాయల వాళ్ళు తూకం రాళ్ళను గోనె కిందికి తోసేసేవారట. ముప్ఫై ఏళ్ళ అనుభవం సారమంతా ఆయన ఒక్క వాక్యంలో చెప్పేవారు: సీలు లేని తూకం తూకం కాదు.

సర్క్యులర్ మూడుసార్లు చదువుకుని నన్ను పిలిచారు. ఈ ఫలితాలను ధ్రువీకరించే అధికారి ఎవరని అడిగారు. పేపర్లో వస్తాయండి, చూసి రాసేయడమే అన్నాను. ఆయన రెండు పేపర్లు తెప్పించి బల్ల మీద పరిచారు. మన క్రికెట్ జట్టు ముందురోజు ఒక మ్యాచి గెలిచింది. ఆరు వికెట్ల తేడాతో గెలిచిందని ఒక పేపరు రాసింది. నాలుగు బంతులు మిగిలి ఉండగా గెలిచిందని రెండో పేపరు రాసింది. అదే జట్టు అంతకుముందు వారం ఇరవై పరుగుల తేడాతో గెలిచిందని రెండూ రాశాయి.

"ఒకే సరుకును ఒకరోజు కిలోల్లో, ఒకరోజు లీటర్లలో, ఇంకోరోజు గజాల్లో అమ్ముతున్నారు సన్యాసిరావు గారూ," అన్నారాయన నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు."

ఆ సాయంత్రానికి మా ఆఫీసులో ఫలితాల ధ్రువీకరణ విభాగం వెలిసింది. విభాగమంటే నేనే. వార్త వేరు, ఫలితం వేరు అని ఉత్తర్వు జారీ అయింది. ప్రపంచంలో ఎక్కడ ఎవరు గెలిచినా దానికొక ఫైలు తెరవాలి. ఫైలు పరిశీలనలో నిలబడితే 'సరిచూడబడింది' అన్న గుండ్రటి సీలు పడుతుంది. సీలు పడ్డాకే గెలిచినవాడు మా జిల్లాకు సంబంధించినంతవరకూ గెలిచినట్టు. అంతవరకూ బోర్డు మీద అతని పేరు పక్కన 'పరిశీలనలో ఉంది' అని రాయాలి.

మొదటి వారంలో పదకొండు ఫైళ్ళు తెరిచాను. ఒక్కటీ నిలబడలేదు. టెన్నిస్‌లో పాయింట్లు పదిహేను, ముప్ఫై అని సక్రమంగా పెరిగి తరవాత నలభై దగ్గర ఆగడం సారు కంట్లో పడింది. పదిహేను మూళ్ళు నలభై ఐదు కదా, ప్రతి ఆటలోనూ ఐదు చొప్పున తరుగు పోతోంది, ఆ తరుగు ఎవరు తింటున్నారో సంజాయిషీ ఇవ్వాలని లేఖ పంపించారు. ఫుట్‌బాల్ ఫైనల్లో తొంభై నిమిషాలు అయ్యాక రిఫరీ ఇంకో ఆరు నిమిషాలు ఇచ్చాడు, గోలు ఆ ఆరింటిలో పడింది. కొసరులో పడిన గోలును అసలులో కలపవచ్చునా అన్నది సారు లేవనెత్తిన పాయింటు. గోల్ఫ్‌లో ఒకాయన మైనస్ పదకొండుతో విజేత అయ్యాడు. లోటులో ఉన్న మనిషికి కప్పు ఎలా ఇచ్చారో ఆయనకు ఎంతకీ కొరుకుడు పడలేదు. చదరంగంలో ఇద్దరికీ చెరో అర పాయింటు వచ్చింది. అర్ధ తూకాలు వాడటానికి ముందస్తు అనుమతి ఉందా అని పోటీ జరిగిన దేశానికి రాశాం.

ఆ ఉత్తరాలన్నీ నేనే తయారుచేశాను. అబద్ధమెందుకు, రాస్తుంటే భలే సరదాగా ఉండేది. 'సదరు గోలు' అని రాయడానికి ఇరవై ఆరేళ్ళలో నాకు దొరికిన మొదటి అవకాశం అది. రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు జతచేసి మరీ పంపాం. పోస్టాఫీసులో గుమాస్తా ఒక్కో కవరు మీది దేశం పేరు చదివి, నా మొహం చూసి, ముద్ర వేసేవాడు.

ఐదో తారీకు ఆదివారం మన జట్టు కప్పు గెలిచింది. ఊరంతా టపాసులు కాల్చింది. అందరికంటే ఎక్కువ కాల్చింది మా ఆఫీసు ఎదురు వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే రెడ్డి గౌరీశ్వరరావూ, అతని స్నేహితులూ. సోమవారం పొద్దున్నే వాళ్ళకు మా ఆఫీసు నుంచి నోటీసు వెళ్ళింది. ఫలితం ధ్రువీకరణ కాకముందే బహిరంగంగా ఆనందించినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలెను అని. గౌరీశ్వరరావు తగాదాకి వస్తాడని నేను ఎదురుచూశాను. అతను మహా తెలివైనవాడు. తెల్లకాగితం మీద జవాబు రాసుకుని మర్నాడే వచ్చాడు. మా ఆనందం పొరపాటున జరిగినది, మిగిలిన టపాసులు భద్రపరచినాము, ఫలితం తేలిన పిమ్మట తమరు సెలవిస్తే మిగతా ఆనందం పూర్తిచేయగలము అని అందులో రాశాడు. సారు ఆ జవాబు చదివి ఎంత మురిసిపోయారంటే, మాదిరి సంజాయిషీగా దాన్ని ఫైల్లో పెట్టించారు.

ఊళ్ళో ఈ వ్యవహారం పెద్ద వేడుకైపోయింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మా బోర్డు చదువుకుని నవ్వుకునేవారు. టీకొట్టు దగ్గర ఎవరైనా నీ కూతురి పరీక్ష ఏమైందని అడిగితే పరిశీలనలో ఉందని చెప్పడం అలవాటైంది. అంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. చిక్కు వచ్చింది కనకం దగ్గర.

మా ఆఫీసు వెనకాల ఒక రేకుల షెడ్డుంది. అందులో లెంక సూర్నారాయణ మాస్టారు పందొమ్మిదేళ్ళుగా పిల్లల చేత బరువులెత్తిస్తున్నాడు. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడపిల్లలు బరువులెత్తడం వింతేమీ కాదు, ఊరికొకరైనా ఉంటారు. వాళ్ళందరిలోకీ మేటి మజ్జి కనకమాలక్ష్మి. కొత్తరేగ అనే పల్లె పిల్ల, పందొమ్మిదేళ్ళది. తల్లి జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. కనకం ఆసియా జూనియర్ పోటీలకు ఎంపికైంది. పోటీ ఇరవై నాలుగో తారీకున, తాష్కెంటులో.

అక్కడ పతకం రావాలంటే రాడ్డును భుజాల మీదికి తెచ్చి తలపైకి ఎత్తే అంకంలో నూరు కిలోలు దాటాలి. కనకం తొంభై అయిదు కిలోలను ఉయ్యాల్లోంచి పసిబిడ్డను తీసినట్టు తీసేది. నూరు పెడితే మాత్రం భుజాల దాకా వచ్చి ఆగిపోయేది. రెండు నెలలుగా అదే తంతు. మాస్టారు బుజ్జగించాడు, తిట్టాడు, ఒక మంగళవారం అమ్మవారికి కొబ్బరికాయ కూడా కొట్టాడు. నూరు కదల్లేదు.

ఆరో తారీకున మా సారు పేపరు చదువుతూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కొన్ని ఆటల్లో పోటీకి ముందు ఆటగాళ్ళను కాటా ఎక్కించి తూస్తారని అందులో ఉంది. మనుషుల్ని కూడా తూచే ఆట ఉందని ఎవరూ తనకు చెప్పలేదేమని నా మీద కోప్పడి, అప్పటికప్పుడు వెనక షెడ్డుకు బయలుదేరారు. దారిలో ఆయన మొహంలో నేను అంతకుముందెప్పుడూ చూడని వెలుగు కనబడింది. పుట్టింటికి వెళ్తున్న ఆడపిల్లలా నడిచారు.

షెడ్డులో నాలుగు పెద్ద ప్లేట్లు, రెండు చిన్న ప్లేట్లు, ఒక రాడ్డు ఉన్నాయి. పెద్ద ప్లేట్ల మీద తెల్లరంగుతో ఇరవై అని రాసి ఉంది. సారు వంగి నాలుగు పక్కలా చూసి, సీలు ఎక్కడ అని అడిగారు. సీలేటండి అన్నాడు మాస్టారు.

"ఇవి ఇరవై కిలోలని తూచిందెవరు?"

"ఎవురూ తూయలేదండి. ఇరవై అని రాసుంది కదండి."

"రాసిందెవరు?"

"నానేనండి. పాత రంగు పోయిందని మొన్న దసరాకి రాసినాను."

అంతటితో కథ మారిపోయింది. ఆరు ప్లేట్లూ, రాడ్డూ అక్కడికక్కడే జప్తు అయ్యాయి. నేనే పంచనామా రాశాను. జప్తు చేసిన సొత్తును ఆఫీసుకు చేర్చాలంటే మా అటెండరు ఒక ప్లేటు పట్టుకుని నడుం పట్టేసిందని కూర్చుండిపోయాడు. చివరికి కనకమే అన్నీ మోసుకొచ్చి రికార్డు గదిలో పెట్టి, నా దగ్గర రసీదు తీసుకుంది.

మాస్టారు సారు గదిలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పద్దెనిమిది రోజులే ఉందండి బాబూ. అయి లేకపోతే పిల్ల ఏటెత్తుతాదండి?" అన్నాడు. సారు నొచ్చుకున్నారు. ఆయనకు ఆ పిల్ల మీద కోపమేమీ లేదు. దేశం తరఫున వెళ్ళే అమ్మాయి దొంగ తూకాలతో సాధన చేస్తే దేశం పరువేం కావాలని తిరిగి అడిగారు. మాస్టారు నమస్కారం పెట్టి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

తొమ్మిదో తారీకున సారు పాత శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు గారు కాటాతో వచ్చారు. రాడ్డు సరిగ్గా పదిహేను, చిన్న ప్లేట్లు రెండూ కలిపి అయిదు. వాటిలో పేచీ లేదు. పెద్ద ప్లేట్లలో మొదటిది ఇరవై కిలోల ఏడు వందల గ్రాములు తూగింది. రెండోది ఇరవై ఒకటి. మూడోదీ నాలుగోదీ ఇరవై కిలోల ఎనిమిది వందల యాభై చొప్పున. ఇన్‌స్పెక్టరు కాటాను అనుమానించి మళ్ళీ తూచారు. అప్పుడు మాస్టారు తల గోక్కుంటూ అసలు సంగతి చెప్పాడు. రాతినేల మీద పడి పడి ఏళ్ళ కిందటే ప్లేట్లు పగుళ్ళిచ్చాయట. కొత్తవి కావాలని మా ఆఫీసుకు ఏడు అర్జీలు పెట్టి, జవాబు రాక, కమ్మరి చేత పాత బండిచక్రాల ఇనప పట్టా ముక్కలు వేయించి అతికించుకున్నాడట. ఆ అర్జీల మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి పక్కన పడేసింది నేనే. గుర్తొచ్చి తల దించుకున్నాను.

నేను కాగితం మీద కూడి చూశాను. మాస్టారు నూరు అనుకుంటూ వచ్చినది నూట మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. కనకం అవలీలగా ఎత్తే తొంభై అయిదు తొంభై ఎనిమిదిన్నరకు వంద గ్రాములు తక్కువ. మాస్టారు గుమ్మంలో కూలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఊరికినే తిట్టినానే నిన్ను," అన్నాడు.

కనకం ముందు వేళ్ళ మీద లెక్క చూసుకుంది. తరవాత నవ్వడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపలేకపోయింది. రెండు నెలలుగా తనను ఏడిపిస్తున్నది నూరు కాదని తెలిశాక ఆ పిల్ల భుజాలు నా కళ్ళ ముందే తేలికపడ్డాయి.

ఇన్‌స్పెక్టరు పెద్ద ప్లేట్లు నాలుగింటికీ లోపలి వైపున సీళ్ళు కొట్టి, అసలు బరువులు చెక్కించి వెళ్ళిపోయారు. ఇక ఇచ్చేస్తారు కదా అనుకున్నాం. సారు ఇవ్వలేదు. తూనికల శాఖలో జప్తు చేసినవి విడుదల చేయడానికి నియమాలున్నాయి, క్రీడాశాఖలో జప్తు అన్నదే లేదు గనక విడుదలా లేదు, రాజధాని నుంచి మార్గదర్శకాలు రావాలి అన్నారు. వెంటనే రాయమని నాకే చెప్పారు. మార్గదర్శకాలంటే ఎంత లేదన్నా ఏడాది. పోటీకి పదిహేను రోజులుంది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇరవై ఆరేళ్ళు నియమాలతో బతికినవాణ్ణి, నియమాన్ని నియమంతోనే తియ్యాలని నాకు తెలుసు. పొద్దున్నే ఒక నోటు రాసి సారు ముందు పెట్టాను. జప్తు సొత్తు భద్రత దృష్ట్యా రోజుకు రెండుసార్లు భౌతిక తనిఖీ అవసరమనీ, సీళ్ళు లోపలి వైపున ఉన్నందున వాటిని నిలబడి చదవాలంటే సొత్తును తలకంటే పైకి ఎత్తి పట్టుకోవలసి ఉందనీ రాశాను. ఏ ఒక్కటీ మాయం కాలేదని రూఢి కావడానికి అన్నింటినీ రాడ్డుకు తగిలించి ఒకేసారి ఎత్తాలనీ, ఆఫీసు సిబ్బందికి అందుకు తగిన దేహదారుఢ్యం లేనందున సొత్తును ఇక్కడికి చేర్చిన వ్యక్తి సేవలనే వాడుకోవచ్చుననీ ముగించాను.

సారు ఆ నోటు శ్రద్ధగా చదివారు. ప్రభుత్వ సొత్తు పట్ల ఇంత బాధ్యత ఈ రోజుల్లో అరుదని నన్ను మెచ్చుకుని సంతకం చేశారు. రిజిస్టరు తెరవమన్నారు. వారానికొకసారి, శనివారం సాయంత్రం, సీళ్ళు తానే స్వయంగా చదువుతానన్నారు.

అలా మా రికార్డు గదిలో తనిఖీలు మొదలయ్యాయి. బీరువాలు గోడకు జరిపాం. ప్లేట్లు పడి నేల పగలకుండా పాత ఫైళ్ళు రెండడుగుల ఎత్తున పరిచాం. ఎవరికీ ఏ సాయమూ చేయకుండా కాలం గడిపిన ఆ ఫైళ్ళు మొట్టమొదటిసారి ఒక క్రీడాకారిణికి ఉపయోగపడ్డాయి. పొద్దునా సాయంత్రమూ కనకం వచ్చి తనిఖీ చేసేది. మాస్టారు పక్కన నిలబడి, ఆఫీసు మర్యాద కోసం గొంతు తగ్గించి, "మోకాలు, మోకాలు" అనేవాడు. నేను రిజిస్టరులో రాసేవాణ్ణి: సొత్తు పైకెత్తబడినది, సీళ్ళు సక్రమం, తొంభై ఎనిమిది కిలోల నాలుగు వందలు. మొత్తం సొత్తు ఒకేసారి ఎత్తడం మాత్రం ఇంకా కుదరలేదు. ఆ వివరం గడిలో 'పాక్షిక తనిఖీ' అని రాసి ఊరుకునేవాణ్ణి.

పద్దెనిమిదో తారీకు శనివారం. మర్నాడు ఆ పిల్ల ప్రయాణం. సారు కళ్ళజోడు తుడుచుకుని రికార్డు గదిలోకి వచ్చారు. పాక్షిక తనిఖీ తనకు సమ్మతం కాదనీ, ఈరోజు మొత్తం సొత్తు చూపించాలనీ అన్నారు. కనకం మాస్టారి వైపు చూసింది. మాస్టారు నా వైపు చూశాడు. చిన్న ప్లేట్లు కూడా తగిలించాం.

ఆమె చేతులకు సుద్ద రాసుకుని వంగింది. రాడ్డు భుజాల మీదికి వచ్చింది. రోజూ ఆగిపోయే చోట ఒక్క క్షణం ఆగింది. తరవాత ఎలా వెళ్ళిందో నేను చెప్పలేను గానీ తలపైకి వెళ్ళిపోయింది. పోటీలో అయితే న్యాయనిర్ణేతలు దించమనేదాకా పట్టుకోవాలి, వాళ్ళు సాధారణంగా రెండు క్షణాల్లో దించమంటారు. మా సారుకు ఆ సంగతి తెలియదు. ఆయన మెడ పైకెత్తి సీలు చదవడం మొదలుపెట్టారు.

"కదలకమ్మా. అక్షరం అలుక్కుపోతోంది," అన్నారు. ఒకటి చదివారు. అవతలి వైపు వెళ్ళి రెండోది చదివారు. వెనక్కి వచ్చి మూడోది, మళ్ళీ అటు వెళ్ళి నాలుగోది. నేను గోడ గడియారం వైపే చూస్తున్నాను. పదకొండు సెకన్లు. కనకం మెడనరాలు ఉబ్బి, మోకాళ్ళు వణుకుతున్నా రాడ్డు మాత్రం వంగలేదు.

ఇక దించవచ్చు అన్నారు సారు. ప్లేట్లు ఫైళ్ళ మీద పడి దుమ్ము లేచింది. ఆయన దగ్గుతూ రిజిస్టరు తీసుకుని సొంత దస్తూరీతో రాశారు: మొత్తం సొత్తు, నూట మూడు కిలోల నాలుగు వందల గ్రాములు, శ్రీమతి కాని కుమారి మజ్జి కనకమాలక్ష్మి పైకెత్తగా నాలుగు సీళ్ళూ నేను స్వయంగా చదివి తృప్తి చెందాను. కింద సంతకం, తేదీ.

"మాస్టారూ, నాను ఎత్తీసినానా?" అంది కనకం నేల మీద కూర్చుని. మాస్టారు కండువాతో మొహం కప్పేసుకున్నాడు. నాక్కూడా కళ్ళు చెమర్చాయి, నెపం దుమ్ము మీద పెట్టి తుడుచుకున్నాను.

ఇరవై నాలుగున తాష్కెంటులో కనకం నూట రెండు కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచింది. నూట మూడున్నర దాకా పదకొండు సెకన్లు మోసిన పిల్లకు నూట రెండు ఒక లెక్కా. ఫోను వచ్చేసరికి మాస్టారు షెడ్డు ముందు చిన్నపిల్లవాడిలా గెంతాడు. గౌరీశ్వరరావూ స్నేహితులూ మిగిలిన టపాసులు సంచుల్లో వేసుకుని పరిగెత్తుకొచ్చారు గానీ, ఒకసారి వాత పడినవాళ్ళు గనక కాల్చకుండా మా ఆఫీసు ప్రహరీ మీద వరసగా కూర్చున్నారు. బోర్డు మీద రాశాక చెప్పండి సార్ అన్నారు.

నేను ఫైలు తెరిచాను. ఒక పేపరు నూట రెండు అని రాసింది. ఇంకో పేపరు, ఒకే ఊపులో ఎత్తే రెండో అంకాన్ని కూడా కలిపి, నూట ఎనభై రెండు అని రాసింది. ఒకే పిల్ల, ఒకే రోజు, ఎనభై కిలోల తేడా అన్నారు సారు బాధగా. పైగా తాష్కెంటు ప్లేట్ల మీద ఏ శాఖ సీలుందో ఎవరికీ తెలియదు. సదరు పోటీల్లో వాడిన ప్లేట్లను పరిశీలన నిమిత్తం ఈ కార్యాలయానికి పంపవలెననీ, పంపలేని పక్షంలో కారణాలు తెలుపవలెననీ ఉత్తరం వెళ్ళింది. బోర్డు మీద కనకం పేరు పక్కన నా చేత్తోనే 'పరిశీలనలో ఉంది' అని రాశాను. ఆ సుద్దముక్క అంత బరువు ఉంటుందని నాకు తెలియదు.

ఇరవై ఆరున రాజధాని నుంచి మరో ఉత్తరం దిగింది. ఆ నెలలో అంతర్జాతీయ స్థాయిలో గెలిచినవారిని ప్రపంచ పోటీల శిక్షణ శిబిరానికి పంపుతారట. గెలుపును జిల్లా అధికారి సీలుతో ధ్రువీకరించి ముప్పయ్యో తారీకు సాయంత్రం అయిదు లోపల పంపాలి. ఆ తరవాత వచ్చే పేర్లు మరుసటి ఏడాదికి. మరుసటి ఏడాదికి కనకం జూనియర్ల వయసు దాటిపోతుంది. శిబిరం తప్పితే తల్లితో పాటు జీడిపిక్కల కార్ఖానాకే.

ఇరవై ఎనిమిదిన కనకం తిరిగొచ్చి సారు బల్ల మీద పతకం పెట్టింది. ఆయన దాన్ని అరచేతిలో ఆడించి చూశారు. బంగారు పతకమంటున్నారు, ఇందులో బంగారమెంత, ముద్ర ఏదీ అని అడిగారు.

"ఏమోనండి. మెళ్ళో ఏసినారు, ఏసుకున్నాను," అంది కనకం.

ఆయనకు జాలి కలగకపోలేదు. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్ళారు. కానీ ఫుట్‌బాల్ వాళ్ళను ఆపినవాణ్ణి, టెన్నిస్ వాళ్ళను నిలదీసినవాణ్ణి, మన ఊరి పిల్ల కదా అని దొంగతూకం ఎలా వేయనని నన్నడిగారు. ఆ ప్రశ్నలో కల్మషం లేదు, అదే పెద్ద ఇబ్బంది.

ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం నెలాఖరు గనక రిజిస్టర్లు ముగిస్తున్నాను. భౌతిక తనిఖీ రిజిస్టరు వంతు వచ్చింది. పద్దెనిమిదో తారీకు పేజీ దగ్గర నా పెన్ను ఆగిపోయింది. రెండుసార్లు చదువుకుని, రిజిస్టరును అలాగే తెరిచి, కనకం ఫైలు మీద పెట్టుకుని సారు గదిలోకి వెళ్ళాను. అప్పటికి నాలుగుంబావు.

ఆయన తన దస్తూరీ చాలాసేపు చూసుకున్నారు.

"ఈ సంతకం నాదే," అన్నారు.

"అవునండి. నాలుగు సీళ్ళూ తమరే చదివారు. తృప్తి చెందానని కూడా రాశారు."

"నూట మూడు నాలుగు వందలు. అంటే తాష్కెంటు వాళ్ళు చెప్పుకునే దానికంటే కిలో నాలుగు వందల గ్రాములు ఎక్కువ." ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "సన్యాసిరావు గారూ, ఈ నెలలో ప్రపంచం మొత్తం మీద సరైన తూకంతో, అధికారి సమక్షంలో జరిగిన పోటీ ఇదొక్కటే. మన కళ్ళ ముందే జరిగితే మనం గమనించలేదు."

సీలు ఆయనే స్వయంగా వేశారు. అంత గట్టిగా వేయగా నేనెప్పుడూ చూడలేదు. నాలుగు నలభైకి కాగితం ఫ్యాక్సులో రాజధానికి వెళ్ళిపోయింది. అక్కడ సీలు చూస్తారు తప్ప వేదిక ఏమిటో చూడరని నా అనుభవం. మూడో రోజుకల్లా శిబిరానికి రమ్మని పిలుపు వచ్చి నా అనుభవాన్ని నిలబెట్టింది.

ముప్పయ్యో తారీకు సాయంత్రమే, కాగితం వెళ్ళగానే, నేను బోర్డు తుడిచి కొత్తగా రాశాను. అంతర్జాతీయ క్రీడా ఫలితాలు, ఏప్రిల్ నెల. క్రికెట్, టెన్నిస్, ఫుట్‌బాల్, గోల్ఫ్, చదరంగం వగైరా: పరిశీలనలో ఉన్నవి. బరువులెత్తుట: ప్రథమ స్థానం, కుమారి మజ్జి కనకమాలక్ష్మి, నూట మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. వేదిక: రికార్డు గది. సరిచూడబడింది.

రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటున్న ప్రహరీ మీదివాళ్ళు వెంటనే దూకలేదు. గౌరీశ్వరరావు లేచి నిలబడి, సెలవా అండీ అని సారునడిగాడు. ఆయన గంభీరంగా తలూపి, ఆనందించవచ్చు అన్నారు. అయిదు గంటలకు మొదలైన టపాసులు అరగంట సేపు మోగాయి. సారు చెవులు మూసుకుని గేటు దగ్గరే నిలబడి చివరిదాకా చూశారు. గౌరీశ్వరరావు ఇచ్చిన మిఠాయి మొదట వద్దని, తరవాత ఎవరూ చూడటం లేదనుకుని నోట్లో వేసుకున్నారు. నేను చూశాను.

పొగ తగ్గాక కనకం బోర్డు ముందుకు వచ్చి, మెళ్ళో పతకంతో, ఒక్కో వరసే కూడబలుక్కుని చదివింది. రెండోసారి కూడా చదివి సారు వైపు తిరిగింది.

"మరి తాష్కెంటు ఏటయిందండి?"

"అది పరిశీలనలో ఉందమ్మా," అన్నారు సారు ఎంతో ఆప్యాయంగా. "అక్కడ కూడా నువ్వే గెలిచినట్టు తేలితే తప్పకుండా తెలియజేస్తాం."

కనకం సరేనండి అని నమస్కారం పెట్టింది. ఎందుకైనా మంచిదని పతకాన్ని చొక్కా లోపలికి వేసేసుకుని, మాస్టారి సైకిలు వెనక ఎక్కి కొత్తరేగ వెళ్ళిపోయింది.